మూడు కాళ్ల కుందేలు, 28వ అవుట్

అమెరికా బేస్‌బాల్‌లో అంపైర్ తప్పు చెయ్యడు. చేసినా దాన్ని తీర్పు అనాలి. నిబంధనల పుస్తకంలోనే ఉంది: అంపైర్ తన విచక్షణతో ఇచ్చిన తీర్పు అంతిమం, దాన్ని ఆటగాడు గానీ మేనేజర్ గానీ ఆక్షేపించరాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాణ్ణి మనం మొండివాడంటాం. అక్కడ ఆ కుందేలుకు ప్రత్యేకంగా ఒక నియమమే రాసిపెట్టారు.

2010 జూన్ 2న డెట్రాయిట్‌లో ఆ నియమం తన సత్తా చూపింది. టైగర్స్ పిచర్ ఆర్మాండో గలరాగా క్లీవ్‌లాండ్ జట్టులో వరసగా 26 మందిని వెనక్కి పంపాడు. ఒక్కడూ మొదటి బేస్ తొక్కలేదు. ఇంకొక్కడు అవుటైతే పర్ఫెక్ట్ గేమ్. వందేళ్లు దాటిన మేజర్ లీగ్ చరిత్రలో అప్పటికి అలాంటివి 20 మాత్రమే. 27వ బ్యాటర్ జేసన్ డొనాల్డ్ బంతిని నేలబారుగా కొట్టాడు. గలరాగా సహచరుడు మిగెల్ కబ్రేరా అందుకుని మొదటి బేస్‌కు విసిరాడు. గలరాగా పరుగున వచ్చి, బేస్ మీద కాలు మోపి, బంతి పట్టాడు. డొనాల్డ్ ఇంకా ఒక అడుగు వెనకే ఉన్నాడు. పక్కనే నిలబడి చూస్తున్న అంపైర్ జిమ్ జాయిస్ రెండు చేతులూ బారచాపి ‘సేఫ్’ అన్నాడు. గలరాగా ఓ నవ్వు నవ్వి, వెనక్కెళ్లి, తర్వాతివాణ్ణి అవుట్ చేసి మ్యాచ్ ముగించాడు.

ఆట అయ్యాక జాయిస్ రీప్లే చూశాడు. తప్పు తనదేనని కన్నీళ్లతో ఒప్పుకున్నాడు. మర్నాడు గలరాగా చేతి నుంచి లైనప్ కార్డు తీసుకుంటూ కూడా కళ్లు తుడుచుకున్నాడు. మిషిగన్ గవర్నర్ అది పర్ఫెక్ట్ గేమేనని అధికారికంగా ప్రకటించింది. గలరాగాకు ఓ కార్వెట్ కారూ బహుమతిగా వచ్చింది. అందరిదీ ఒకటే మాట. తీర్పు మార్చే అధికారం ఉన్నది మాత్రం లీగ్ కమిషనర్ బడ్ సెలిగ్ ఒక్కడికే. ఆయన మార్చలేదు.

మార్చకూడదనేవాళ్ల వాదనలు వినదగ్గవి. ఆటలో మనిషి పొరపాటుకు చోటుండాలట. బాగుంది. ఫీల్డర్ బంతి జారవిడిస్తే స్కోర్‌బోర్డు మీద ‘ఎర్రర్’ అని ఊరంతా చూసేలా వేస్తారు. అంపైర్ పొరబడితే బ్యాటర్ ఖాతాలో ‘హిట్’ రాస్తారు. మనుషుల్లోనూ రకాలున్నాయన్నమాట.

తీర్పులు దిద్దుతూ కూర్చుంటే ఆట ఆలస్యమవుతుందట. మేనేజర్ డగౌట్‌లోంచి దూసుకొచ్చి, టోపీ నేలకేసి కొట్టి, అంపైర్ బూట్ల మీదికి మట్టి తన్ని, మైదానం నుంచి గెంటించుకునేదాకా మాత్రం అందరికీ బోలెడు తీరిక. పోట్లాటకు ఉన్న టైము దిద్దుబాటుకు లేదు!

ఇక అంపైర్ గౌరవం. 1985 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో అంపైర్ డాన్ డెన్‌కింగర్ కూడా మొదటి బేస్ దగ్గరే అవుటైనవాణ్ణి సేఫ్ అన్నాడు. తీర్పు నిలిచింది. ఆయనకు దక్కిన గౌరవం బెదిరింపు ఉత్తరాలు. అప్పటికప్పుడు దిద్ది ఉంటే మర్నాటికి అందరూ మరిచిపోయేవారు.

ఒక చిక్కు నిజమే. అంపైర్ ‘ఫౌల్’ అని అరవగానే ఫీల్డర్లు ఆగిపోతారు. తర్వాత కాదంటే ఎవర్ని ఏ బేస్ మీద నిలబెట్టాలో ఊహించి చెప్పాలి. డెట్రాయిట్‌లో ఆ గొడవే లేదు. అవుట్ అంటే ఆట అక్కడితో సరి. పైగా తర్వాతివాడూ అవుటయ్యాడు కాబట్టి గెలుపోటముల్లో వెంట్రుకవాసి తేడా రాదు.

2014లో లీగే రీప్లే చూసి తీర్పులు దిద్దే పరిధిని విస్తరించింది. మొదటి ఏడాది పరిశీలించిన తీర్పుల్లో సగానికి దగ్గరగా తారుమారయ్యాయి. ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. బాల్, స్ట్రైక్ తీర్పులను సైతం 2026 నుంచి సవాలు చేసే ఏర్పాటుకు 2025లో ఆమోదం లభించింది. తీర్పు అంతిమం కావలసిందే. ఆ ముద్రేదో సరిచూసుకున్నాకే వేస్తే సరిపోతుంది.

గలరాగా ఆ రోజు 27 అవుట్లు చాలిన చోట 28 తీశాడు. రికార్డుల్లో మాత్రం నేటికీ అది ఒక హిట్ ఇచ్చిన మామూలు మ్యాచే. దిద్దితే నష్టపోయేవాడు ఒక్కడూ లేడు. దిద్దకపోవడానికి మొండితనం తప్ప మరో కారణమూ మిగల్లేదు.