బైండు కాక

సింగరేణిలో నెలాఖరుకు రిటైరయ్యే కార్మికుడికి బాయి (బొగ్గు గని) మీద సన్మానం జరుగుతుంది. శాలువా కప్పుతారు, దండ వేస్తారు. మేనేజరు రెండు ముక్కలు మాట్లాడతాడు, యూనియన్ నాయకుడు ఇరవై ముక్కలు మాట్లాడతాడు. ఈ సభల్లో మూడో వరుస చివరి కుర్చీలో ఒక మనిషి తప్పకుండా కనబడతాడు. రిటైరయ్యేవాడికి చుట్టం కాడు, అదే బాయిలో పనిచేసినవాడూ కాడు. అయినా అందరికంటే గట్టిగా చప్పట్లు కొడతాడు. సభ ముగిశాక వెళ్లి రిటైరైనవాడి రెండు చేతులూ పట్టుకుంటాడు. గొంతు బొంగురు చేసుకుని అసలు సంగతి అడుగుతాడు:

"అన్నా, క్వార్టర్ ఎప్పుడు ఖాళీ జేస్తున్నవ్? అటక మీద పాత బొమ్మల పుస్తకాలేమన్న ఉన్నయా?"

ఈయనే బైండు కాక. గోదావరిఖనిలో ఈ జాతి మనుషులు అక్కడక్కడా ఉన్నారు. యైటింక్లైన్ కాలనీలో ఒకరు, పవర్‌హౌస్ కాలనీ వైపు ఒకరు, లక్ష్మీనగర్ సందుల్లో మరొకరు. ఒకరి పేరు చెబితే మిగతావాళ్లు అలుగుతారు కనుక అందరినీ కలిపి బైండు కాక అనే అందాం. చందమామలు, బాలమిత్రలు, బొమ్మరిల్లులు, ఇంద్రజాల్ కామిక్స్, అమర చిత్ర కథలు పన్నెండేసి కలిపి బైండు చేయించి బీరువాలో పెట్టుకోవడం ఈయన పని. బాయిలో చేసిన మైనింగ్ సర్దారు ఉద్యోగం దీనికి ట్రైనింగని ఆయన నమ్మకం.

కంపెనీ ఊళ్లో ఈ వేటకు ఒక వీలుంది. మిగతా ఊళ్లలో పాత పుస్తకం అటకెక్కితే అక్కడే చెదపట్టి పోతుంది. ఇక్కడ కొలువు అయిపోయిందంటే క్వార్టర్ వదలాలి. క్వార్టర్ వదలాలంటే అటక దిగాలి. అటక దిగితే ఇనుప సందూక తెరుచుకుంటుంది. ఆ సందూక తెరుచుకునే వేళకు, చిత్తుకాగితాల తోపుడు బండివాడికంటే ఒక అడుగు ముందు కాక అక్కడుంటాడు. అందుకే 2021లో కంపెనీ రిటైర్మెంట్ వయసు 60 నుంచి 61కి పెంచినప్పుడు కాలనీలన్నీ మిఠాయిలు పంచుకుంటే కాక ఒక్కడు ముఖం వేలాడేసుకు తిరిగాడు. "ఇగ ఏడాది దనుక ఒక్క సందూక తెరువది పో" అని ఆయన దిగులు.

పుస్తకం చేతికొచ్చాక కాక చేసే పరీక్ష చూడాలి. బాయిలో సర్దారు కర్రతో పైకప్పు తట్టి, మోతను బట్టి ఎక్కడ వదులైందో కనిపెట్టినట్టు, పుస్తకం వీపు మీద వేలితో తట్టి చెవి పెట్టి వింటాడు. తర్వాత వాసన చూస్తాడు. మంచి కాగితమా, తడిసి ఆరిన కాగితమా ముక్కే చెప్పేస్తుందట. గ్యాస్ లేదని తేలాక జేబు రుమాలుతో బొగ్గు దుమ్ము దులిపి, పేజీలు లెక్కపెట్టి, అప్పుడు బేరానికి దిగుతాడు. బేరం కిలోల్లోనే. పైన చిత్రకారుడు వడ్డాది పాపయ్య (వ.పా.) వేసిన ముఖచిత్రం ఉందని అమ్మేవాడికి తెలియకుండా పుస్తకాన్ని బోర్లా పెట్టి తూకం వేయిస్తాడు.

ఇంట్లో ఆయన బీరువా పక్కన ఒక మేకుకు మస్టర్ రిజిస్టరు వేలాడుతుంది. బాయిలో వాడే పొడుగు పుస్తకమే. అందులో కార్మికుల పేర్లకు బదులు బొమ్మలు వేసినవాళ్ల పేర్లుంటాయి. చిత్ర, శంకర్, ఎం.టి.వి. ఆచార్య, వ.పా. నెలనెలా ఎవరి సంతకం ఏ పేజీలో ఉందో చూసి హాజరు వేస్తాడు. సంతకం కనబడకపోతే నాగా. 1947 జులైలో మొదలైన చందమామకు ఈయన 1990లలో కూర్చుని వెనక్కి వెనక్కి మస్టర్లు వేసుకుంటూ పోయాడు. ఒక రాత్రి షిఫ్టు దిగొచ్చి, నాగిరెడ్డి–చక్రపాణిలు పెట్టిన ఆ పత్రిక తొలి ఏడాది సంచికల్లో రెండు దొరికాయని పక్క క్వార్టరువాళ్లను లేపి టీ పోయించినట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు.

రిజిస్టరులో ఒక పేజీ మాత్రం ఖాళీ. చందమామ 1998 అక్టోబరులో ఆగి, 1999 చివరిదాకా మళ్లీ రాలేదు. ఈ సంగతి తెలిసిన ఒక తుంటరి, "కాకా, మంచిర్యాలలో ఒకాయన దగ్గర 1999 మార్చి చందమామ ఉన్నదట" అని అంటించాడు. అచ్చే కాని పుస్తకం కోసం కాక బస్సెక్కి గోదావరి దాటి వెళ్లి వచ్చాడు. మోసపోయానని మాత్రం ఒప్పుకోలేదు. "లేదని కండ్లార సూసి అచ్చిన. ఇగ రిజిస్టర్ల రాసుకోవచ్చు" అన్నాడు.

కాక భార్య చిన్నమ్మకు ఈ సేకరణ మీద ఒకే ఫిర్యాదు: "మా పెండ్లి ఫొటో సందూక అడుగున ఉన్నది. వడ్డాది పాపయ్య గోడ మీద ఉన్నడు." కాక జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది: "ఆ ఫొటోగ్రాఫర్‌కు వెలుగు పట్టుడు రాదే. గాయిన రంగు సూడు."

చిత్ర గొప్పా, శంకర్ గొప్పా అనేది ఈ జాతిలో తెగని పంచాయితీ. మద్రాసు ఆర్ట్స్ కాలేజీలో చదివి వచ్చిన శంకర్ గుడి గోపురం గీస్తే మెట్లు లెక్కపెట్టుకోవచ్చు, నగ గీస్తే తూకం వేయవచ్చు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లకు చిత్ర గీసిన రాక్షసులు, మాంత్రికులు ఎక్కడా లేనివాళ్లు. 'తోకచుక్క'లో ఒంటికన్ను ఏకాక్షి, నాలుగు కళ్ల చతుర్నేత్రుడు ఎదురెదురు నిలబడితే పిల్లలు దుప్పటి ముసుగేసుకుని కూడా చదివారు. కాక చిత్ర పక్షం. కారణం కళకు సంబంధించింది కాదు. "నాలుగు కండ్లున్నోడు ఓవర్‌మెన్‌గ వస్తే మా ప్రాణం పోవు గదా. గా భయం మాకు తెలుస్తది" అంటాడు.

అయితే శంకర్ సంగతి వస్తే టోపీ తీస్తాడు. యాభైల తొలి రోజుల్లో చేరి, పత్రిక చివరి రోజులదాకా ఒకే కంపెనీలో బొమ్మలు వేసిన మనిషి. 2020లో కన్నుమూస్తే, మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు. "సర్వీసు సూస్తే ఎవ్వనికీ లేదు. అరియర్సు మాత్రం పోయినంక పడ్డయి" అని కాక నిట్టూర్పు.

కాకకు ఒక జోడీ ఉంది. జ్యోతినగర్‌లో ఉండే ఎన్టీపీసీ సారు. సింగరేణి బొగ్గు తవ్వుతుంది, ఎన్టీపీసీ కాల్చి కరెంటు చేస్తుంది. వీళ్ల స్నేహమూ అదే పద్ధతిలో నడుస్తుంది. కాక తవ్వుకొచ్చి పడేస్తాడు, సారు రాజేస్తాడు. సారుది ఇంగ్లిషు కామిక్స్ శాఖ. 1964 మార్చిలో ఇంద్రజాల్ మొదటి పుస్తకంగా వచ్చిన ఫాంటమ్ కథ దగ్గర్నుంచి ఆయనకు వరుసలు నోటికి వచ్చు. ఆ పుస్తకం పేరులో ఫాంటమ్ బెల్టు ఉందని చెప్పినప్పుడు కాక ఆశగా, "కన్వేయర్ బెల్టా సారూ?" అని అడిగాడు. నడుముకు పెట్టుకునేదని తెలిశాక ఆసక్తి కాస్త తగ్గింది.

ఆదివారం సాయంత్రం చాయ్ గ్లాసులు ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చుంటే చుట్టూ పది మంది చేరతారు. ఎందుకంటే అప్పుడు జరిగేది సూపర్‌హీరోల దుస్తుల తనిఖీ. కాక ముందు 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలుంటాయి. 2017లో కొత్తవి వచ్చినా ఆయనకు పాతవే కంఠస్థం. సారు ఒక్కో వీరుణ్ని ప్రవేశపెడతాడు. బాయిలోకి దింపాలా వద్దా అనేది కాక తేలుస్తాడు.

"సూపర్‌మ్యాన్, కాకా. 1938. జో షుస్టర్ బొమ్మ."

"ఆ వీపు మీద దుప్పటేంది? బెల్టుల పడితే మనిషినే గుంజుకపోతది. వదులు బట్టలు మషీను కాడికి రావద్దని నోటీసు ఉన్నదా లేదా? హెల్మెటేదీ?"

"ఎగురుతాడు కాకా."

"మూడు మీటర్ల గ్యాలరీల యాడికి ఎగురుతడు సారూ? నెత్తి పలుగుతది. ఒక్క గోడల నుంచి సూసే సూపు ఉన్నది సూడు, గది పనికొస్తది. రూఫ్ లోపలి పగుళ్లు జెప్తడు. పైన కూసోని జెప్పుమను."

లోపలి చెడ్డీ పైకి ఎందుకొచ్చిందని కుర్రాళ్లు అడిగితే సారు వివరిస్తాడు: ఆ రోజుల్లో సర్కస్ పైల్వాన్ల వేషం అదే, దాన్నే షుస్టర్ తీసుకున్నాడు. 2011లో కంపెనీవాళ్లు ఆ చెడ్డీ తీసేశారు, 2018లో మళ్లీ తొడిగారు. కాక తల పంకించి, "ఏడేండ్లు సస్పెన్షన్ల ఉండి డ్యూటీల జాయినయ్యింది" అని నమోదు చేస్తాడు.

తర్వాత ఫాంటమ్. సృష్టికర్త లీ ఫాక్ మనసులో అనుకున్న రంగు బూడిద. 1939లో ఆదివారం రంగుల పేజీ మొదలయ్యేసరికి అది ఊదా అయి కూర్చుంది. ఇటలీలో, బ్రెజిల్‌లో ఎరుపు, స్వీడన్‌లో నీలం. ఇంత గందరగోళం సారు చెప్పుకొస్తే కాక ఒక్క మాటలో తీర్పు చెప్పేశాడు: "మా బాయిల ఒక్క షిఫ్టు దింపుండ్రి. ఏ దేశపోడైనా లీ ఫాక్ అనుకున్న రంగుకే వస్తడు."

మాండ్రేక్ తోడు లోథార్ చిరుతపులి తోలు చుట్టుకుని వచ్చాడు. బూట్లు లేవు కనుక ల్యాంప్ రూమ్ దగ్గరే వెనక్కి. బాట్‌మ్యాన్ నడుముకున్న బెల్టు కాకకు నచ్చింది. క్యాప్ ల్యాంపు బ్యాటరీ తగిలించుకోవచ్చు. కానీ వెంట నిక్కరేసుకున్న రాబిన్‌ను తెచ్చాడు. "పద్దెనిమిదేండ్లు నిండని పిల్లగాన్ని బాయిల దింపితే మేనేజరు జైలుకు పోతడు. ఇద్దర్నీ బయట నిలవెట్టు." స్పైడర్‌మ్యాన్‌కు మాత్రం మంచి మార్కులు పడ్డాయి. స్టీవ్ డిట్కో 1962లో ముఖమంతా కప్పేశాడు కనుక దుమ్ము లోపలికి పోదు.

వండర్ ఉమన్ వంతు వచ్చినప్పుడు కాక నిజంగానే ఆలోచనలో పడ్డాడు. హెచ్.జి. పీటర్ బొమ్మ వేసిన 1941 నాటి సంగతి వదిలేసినా, మన 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం సడలించింది. "చట్టం అడ్డు లేదు. బలం ఉన్నది, తాడు ఉన్నది. గానీ నెత్తిన కిరీటముంటే హెల్మెట్ ఎట్ల పెడుతది? కిరీటం తీసి వస్తే ఫస్ట్ షిఫ్టు రాస్త" అన్నాడు.

అప్పుడే ఒక కుర్రాడు తెలివిగా, "మరి 1980లో ఎన్టీఆర్ వేసిన సూపర్‌మాన్ డ్రెస్సో కాకా?" అన్నాడు. అరుగంతా నిశ్శబ్దం. కాక చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఎన్టీఆర్‌కు రూల్సు లేవుర" అని తనిఖీ ఆ పూటకు ముగించాడు.

ఈ వేళాకోళమంతా దుస్తుల దగ్గరే. గీసినవాడి దగ్గరికి వచ్చేసరికి కాక స్వరం మారుతుంది. బాట్‌మ్యాన్ కథ సారు చెప్పిన రోజు నేనూ ఉన్నాను. 1939లో ఆ వీరుడికి కథలు, వేషం, కొమ్ముల ముసుగు సమకూర్చడంలో బిల్ ఫింగర్ చెయ్యి పెద్దది. పేరు మాత్రం బాబ్ కేన్ ఒక్కడిదే పడుతూ వచ్చింది. ఫింగర్ 1974లో పోయాడు. సృష్టికర్తల్లో ఆయన పేరు అధికారికంగా చేరింది 2015లో. కాక చాలాసేపు మాట్లాడలేదు. లోపలికి వెళ్లి మస్టర్ రిజిస్టరు తెచ్చాడు. చిత్ర, శంకర్‌ల పేర్ల కింద కొత్త గీత గీసి బిల్ ఫింగర్ అని తెలుగులో రాశాడు. "బదిలీ వర్కర్ సారూ ఈయన. పనంతా జేసిండు, మస్టర్ పడలె. తట్ట మోసినోడొకడు, టన్నులు రాసుకున్నోడొకడు. మా బాయిల సూడలేదా మనం?" అన్నాడు.

ఆ రోజు సారు ఆఖరి అస్త్రం వేశాడు. ఇంతమందిని వెనక్కి పంపావు కదా, మీ చందమామలో విక్రమార్కుడి సంగతేమిటి, హెల్మెట్ లేదు, దీపం లేదు, చేతిలో కత్తి, భుజం మీద శవం, ఇదేం భద్రత అన్నాడు. పైగా హిందీ ఇంద్రజాల్‌లో ఫాంటమ్ పేరే వేతాళుడని, మీవాడు మావాడి బరువే మోస్తున్నాడని ఎత్తిపొడిచాడు.

కాక తడుముకోలేదు. "విక్రమార్కుడు హీరో గాదు సారూ, కోల్ ఫిల్లర్. డ్యూటీ నైట్ షిఫ్టు. బరువు భుజం మీద. ఎన్నిసార్లు మోసినా మళ్ల మొదటి కాడికే పోవాలె, ఓటీ లేదు. అన్నిటికంటె ముఖ్యం, నోరు తెరిచి ఉన్నది ఉన్నట్టు జెప్పిండంటె చేసిన పనంత పాయె. మేనేజరు ముంగట మాకు జరిగింది గదే గదా? శంకర్ మద్రాసుల కూసోని మా బొమ్మ ఎట్ల గీసిండో నాకిప్పటికీ తెల్వది."

సారు లేచి చెయ్యి కలిపాడు. ఈ తనిఖీలన్నిటిలో బాయిలోకి దిగే అనుమతి షరతు లేకుండా దొరికిన ఏకైక వీరుడు విక్రమార్కుడు.

బైండు కాక పుస్తకం ఇవ్వడు. అరువు అడిగి ఆయన్ని ఇబ్బంది పెట్టకండి, మీరూ ఇబ్బంది పడకండి. ఆయన దగ్గర ఉచితంగా దొరికేది ఒక అలవాటు మాత్రమే. పిల్లలకు పాత బొమ్మల పుస్తకం చదివి వినిపించేటప్పుడు వీరుడి పేరుతో ఆపకండి. బొమ్మ మూలన చిన్న అక్షరాల్లో ఉన్న సంతకం కూడా పైకి చదవండి. పనిచేసినవాడికి మస్టర్ పడాలి.