చేత్తో తట్టి చూసి కొన్న గ్రిల్స్

స్పీకర్ గ్రిల్ చేయాల్సినవి రెండే పనులు. లోపలి శబ్దాన్ని అడ్డం లేకుండా బయటికి వదలాలి. బయటి రాయిని, వాననీటిని, బూటు మొనను లోపలికి రానివ్వకూడదు. ఈ రెండూ కుదిరాకే అందం సంగతి. మా రోజుల్లో ఈ వరస తెలియనివాడు టూరింగ్ మోటార్‌సైకిళ్ల సామాను అమ్మడానికి కూర్చునేవాడు కాదు. ఇప్పుడు ముందు ఫొటో చూస్తున్నారు, తర్వాత ధర చూస్తున్నారు. పాట ఎలా వినిపిస్తుందన్నది స్క్రూలు బిగించాక గుర్తొస్తోంది.

నేను ఒహాయోలో ప్రెస్ షాపుల్లో రేకు కొట్టి రిటైరైనవాణ్ణి. కొలంబస్ నుంచి కాస్త దూరం పోతే మేరీస్‌విల్. 1980 నుంచి 2009 దాకా హోండా గోల్డ్ వింగ్ అక్కడే తయారైంది. తర్వాత ఆ పని జపాన్‌లోని కుమామోటోకి వెళ్లిపోయింది. అందుకే ఈ బండి మీద నాకు సొంత ఊరి సరుకు మీద ఉండేంత మమకారం. దానికి ఎవరైనా చెత్త రేకు తగిలిస్తే చూస్తూ ఊరుకోలేను.

1975లో మొదటి గోల్డ్ వింగ్ వచ్చినప్పుడు దానికి రేడియో లేదు, గాలికి అడ్డం కట్టే ఫెయిరింగ్ కూడా లేదు. క్రెయిగ్ వెటర్ చేసిన విండ్‌జామర్ ఫెయిరింగ్ తెచ్చి తగిలించుకునేవాళ్లు. అందులో కారు రేడియో, కారు స్పీకర్లు ఎవరికి వాళ్లే బిగించుకునేవాళ్లు. గ్రిల్ కావాలంటే జాలీ రేకు తెచ్చి, స్నిప్స్‌తో కత్తిరించి, అంచు మడిచి, ఆకురాయితో నున్నగా చేసుకోవాలి. చేత్తో చేసుకున్నవాడికి ఏ రంధ్రం ఎంత ఉండాలో చెప్పక్కర్లేదు. 1980లో ఫెయిరింగ్‌తో ఇంటర్‌స్టేట్ అనే మోడల్ వచ్చింది, 1988లో ఆరు సిలిండర్ల 1500 వచ్చింది. రేడియో బండిలో భాగమైపోయింది, గ్రిల్‌కి పార్టు నంబరు పడింది.

ఆ పార్టు నంబరుకు మేమిచ్చిన మర్యాద ఇప్పటి కుర్రాళ్లకు చెబితే ఆశ్చర్యపోతారు. హోండా నంబర్లో నడిమి మూడు అక్షరాలు చూస్తే బండి ఏదో తెలిసిపోతుంది. ఎం.ఎన్.5 ఉంటే 1500. ఎం.సి.ఏ. ఉంటే 2001లో వచ్చిన 1800. డీలర్ దగ్గర పార్టుల కౌంటర్ వెనక ఒక పెద్దమనిషి ఉండేవాడు. మైక్రోఫిష్ యంత్రంలో ఫిల్ము పెట్టి, ఆ పేజీ తెరమీదకి తెచ్చి, ఇదిగో నీ గ్రిల్, ఇవిగో దాని స్క్రూలు, దీని వెనక ఈ రబ్బరు ఉంటుంది, అదీ మార్చు అని చెప్పేవాడు. పెట్టె విప్పి చూడనిచ్చేవాడు. పాతది వెంట తీసుకెళ్తే కొత్తదాని పక్కన పెట్టి స్క్రూ రంధ్రాలు సరిపోయాయో లేదో తనే చూసేవాడు.

ఇప్పుడు గ్రిల్ జత కోసం ఫోన్‌లో వెతికితే 1988 నుంచి నేటి దాకా అన్ని మోడళ్లకూ సరిపోతుందని రాసి ఉంటుంది. 1500 ఫెయిరింగ్ వేరు, 1800 ఫెయిరింగ్ వేరు, 2018లో పూర్తిగా మార్చేసిన బండిది ఇంకా వేరు. ఈ మూడింటికీ ఒకే ముక్క ఎలా సరిపోతుంది? ఆ మాట రాసినవాడు బండిని కూడా చూసి ఉండడు. అడగడానికి కౌంటర్ లేదు, మనిషి లేడు. తిప్పి పంపితే పోస్టు ఖర్చు మనదే.

టెక్సస్‌లో ఉండే మా మేనల్లుడు ఈమధ్య పాత 1800 కొన్నాడు. గ్రిల్స్ ఆర్డర్ పెట్టి, వచ్చాక వీడియోలో చూపించాడు. నల్లటి రేకు, మధ్యలో అరచేయంత పుర్రె బొమ్మ.

“మావయ్యా, లుక్ అదిరింది కదా?”

“లుక్ సరేరా అల్లుడూ, రంధ్రాలేవీ?”

“చుట్టూరా ఉన్నాయి కదా మావయ్యా.”

చుట్టూరా ఉంటే ఏం లాభం! ఈ బండ్లలో కొత్తగా వేసుకునే స్పీకర్లు చాలావరకు కోయాక్సియల్. సన్నటి స్వరాలు పలికే ట్వీటర్ పెద్ద కోన్‌కి సరిగ్గా మధ్యలో కూర్చుని ఉంటుంది. లావు శబ్దం అడ్డాన్ని చుట్టుకుని వచ్చేస్తుంది. సన్న శబ్దం అలా రాదు, తిన్నగా పోతుంది, రేకు తగిలితే అక్కడే ఆగుతుంది. ట్వీటర్ ముందు పుర్రె పెడితే పాటలో తాళాలు, వయొలిన్, మాటల్లోని స, శ అన్నీ మసకబారతాయి. హైవే వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరే 90 డెసిబెల్స్ దాటిపోతుంది. ఆ హోరులో మాట తెలియడం లేదని కుర్రాడు వాల్యూమ్ పెంచుతాడు. పెంచినకొద్దీ లావు శబ్దం పెరుగుతుంది గాని మాట తేటపడదు. 85 డెసిబెల్స్‌కి ఎనిమిది గంటలు ఓర్చుకునే చెవి, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ సగం సేపే ఓర్చుకుంటుంది. రేకు మీద బొమ్మ కోసం చెవులు పాడుచేసుకోవాలా?

రంధ్రాల లెక్క చాలా తేలిక, మా షాపులో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా మొదటి వారంలో నేర్పేవాళ్లం. వరస తప్పించి గుండ్రటి రంధ్రాలు కొట్టిన రేకులో, రంధ్రం వ్యాసాన్ని పక్కపక్క రెండు రంధ్రాల కేంద్రాల నడుమ దూరంతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, 90 పెట్టి గుణిస్తే నూటికి ఎంత ఖాళీ ఉందో వస్తుంది. మూడు మిల్లీమీటర్ల రంధ్రం, నాలుగు మిల్లీమీటర్ల దూరం అయితే సగం ఖాళీ. రెండు, మూడు అయితే 40. ఒకటిన్నర, మూడు అయితే 23 కూడా రాదు, అది గ్రిల్ కాదు, మూత. పైగా పౌడర్ కోటింగ్ వేస్తారు. ఆ పూత మందం 70 మైక్రాన్లు అనుకోండి. రంధ్రానికి రెండు వైపులా తింటుంది కనుక ఒకటిన్నర మిల్లీమీటర్లది 1.36కి దిగుతుంది, ఖాళీ 19 లోపు పడిపోతుంది. ఫొటోలో మాత్రం ఎంత నిగనిగలాడుతుందో!

ఇక ఆ రేకు చేతికి తీసుకుని చూడాలి. పంచ్ దిగినవైపు రంధ్రం అంచు నున్నగా ఉంటుంది, బయటికి వచ్చినవైపు సన్నటి పొలుసు లేస్తుంది. దాన్ని బర్ అంటాం. వేలికొసతో రాస్తే చురుక్కుమంటుంది. బర్ లోపలివైపుకి పెట్టడం పనివాడికి ఉండాల్సిన కనీస జ్ఞానం. మేనల్లుడి గ్రిల్ మీద చేతిగుడ్డ వేసి లాగమన్నాను, దారం పోగులు చిక్కుకున్నాయి. బయటివైపే బర్. గుడ్డనే పట్టుకునేది పురుగుల్నీ, మురికినీ వదులుతుందా? ఇంకొకటి, చవక సరుకులో ముందే పూత పూసిన రేకుకు తర్వాత రంధ్రాలు కొడతారు. అప్పుడు ప్రతి రంధ్రం అంచూ పచ్చి ఇనుమే. మా వైపు శీతాకాలంలో రోడ్ల మీద చల్లిన ఉప్పు వసంతానికి కూడా పూర్తిగా పోదు. మొదటి తడవ తడిస్తే చాలు, ఎర్రటి చుక్కలు మొదలవుతాయి.

గోల్డ్ వింగ్ రోడ్ రైడర్స్ అసోసియేషన్ అని 1977లో మొదలైన సంఘం ఒకటి ఉండేది. ఏటా ఒక్కో ఊళ్లో వింగ్ డింగ్ అని పెద్ద సంబరం చేసేవాళ్లు. అక్కడి అమ్మకందార్ల హాల్లోకి వెళ్తే గ్రిల్స్ బల్ల మీద పరిచి ఉండేవి. తీసుకుని వెలుతురుకి పట్టి చూసేవాళ్లం. వేలి కణుపుతో తడితే టక్‌మని ఆగిపోవాలి, జంయ్‌మని మోగితే అది పాటతోపాటు తనూ పాడుతుందన్నమాట. లోతు కొలిచేవాళ్లం, ఎందుకంటే బేస్ పలికేటప్పుడు కోన్, దాని అంచు రబ్బరు ముందుకు వస్తాయి. కనీసం ఆరేడు మిల్లీమీటర్ల ఎడం లేకపోతే గ్రిల్‌ని కొట్టుకుంటాయి. డబ్బివ్వకముందే పార్కింగ్‌కి తీసుకెళ్లి, బండి రేడియో పెట్టి, గ్రిల్ అడ్డం పెట్టి, తీసి, తేడా విని రమ్మనే అమ్మకందార్లుండేవాళ్లు. 2022లో ఆ సంఘం మూతపడింది. సంఘంతోపాటు ఆ బల్లలూ పోయాయి. నాకు అన్నిటికంటే బాధ అదే. ఆ హాల్లో గంటసేపు తిరిగితే దొరికే జ్ఞానం ఇప్పుడు ఏ ఫోన్‌లో దొరుకుతుంది?

ఈ రోజుల్లో మంచి సరుకే రాదని నేను అనను. లేజర్‌తో కోసిన స్టెయిన్‌లెస్ గ్రిల్స్ ఉన్నాయి. తేనెపట్టు గళ్ల రేకులో నూటికి 80 దాకా ఖాళీ తీయవచ్చు, మా పంచ్‌లతో గుండ్రటి రంధ్రాల్లో అంత తీయలేకపోయేవాళ్లం. మెరుపు క్రోమ్ వేసిన ప్లాస్టిక్ గ్రిల్స్ మా కాలంలోనూ ఉండేవి, ఎండకి పెళుసెక్కి, పొరలు లేచి పోయేవి. వాటిని అప్పుడూ మెచ్చుకోలేదు. కాని గ్రిల్ చుట్టూ రంగురంగుల ఎల్‌ఈడీ రింగులు పెట్టడం మాత్రం నాకు మింగుడుపడదు. చవక డ్రైవర్ సర్క్యూట్ నుంచి వచ్చే గరగర తిన్నగా రేడియోలోకే దూరుతుంది.

మా మేనల్లుడు ఆ పుర్రెలు తీసేసి, బండితో వచ్చిన పాత గ్రిల్స్ కడిగి మళ్లీ బిగించాడు. మాట తేటగా వినిపిస్తోందని ఫోన్ చేసి చెప్పాడు.

మీరు గ్రిల్స్ కొనబోతుంటే అమ్మేవాణ్ణి నాలుగు సంగతులు రాసి పంపమనండి. రంధ్రం వ్యాసం ఎంత, రంధ్రాల మధ్య దూరం ఎంత, లోతు ఎంత, పూత రంధ్రాలు కొట్టాక వేశారా ముందే వేశారా. జవాబిచ్చినవాడి దగ్గర పది డాలర్లు ఎక్కువైనా కొనండి. జవాబివ్వలేనివాడు ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.