గురువుగారికి రిలీవింగ్ లెటర్

మేనేజ్‌మెంట్ పండితులకు ఇష్టమైన సూక్తి ఒకటుంది: ఉత్తమ మెంటార్ అంటే తన అవసరం లేకుండా చేసుకునేవాడు. ఇన్నాళ్లూ అది గోడకు తగిలించుకునే మాట అనుకున్నాం. ఐటీ కంపెనీ టీసీఎస్ వారు తు.చ. తప్పకుండా అమలు చేశారు. అప్పటికున్న ఆరు లక్షల పైచిలుకు ఉద్యోగుల్లో 2 శాతం, అంటే సుమారు 12 వేల మందిని, అదీ ఎక్కువగా మధ్య, పై స్థాయి సీనియర్లను 2025-26 ఆర్థిక సంవత్సరంలో ఇంటికి పంపుతామన్నారు. ఏఐ వల్ల కాదట, నైపుణ్యాలు కుదరక అట. సీఈవో కృతివాసన్ గారే సెలవిచ్చారు.

జనం అపార్థం చేసుకుని లేఆఫ్ అన్నారు. కాదండీ, ఇది స్నాతకోత్సవం. మెంటార్ శిక్షణ పూర్తిచేసినవారికి పట్టాలిచ్చారు. ఆ పట్టా పేరే రిలీవింగ్ లెటర్.

సిలబస్ చిత్తగించండి. మొదటి పాఠం, శ్రద్ధగా వినడం. ప్రాక్టికల్స్ హెచ్‌ఆర్ గదిలో. అవతలివాళ్లు మాట్లాడుతుంటారు, మీరు వింటుంటారు. అడ్డు ప్రశ్న వేస్తే మార్కులు పోతాయి. రెండో పాఠం, లక్ష్య నిర్దేశం. లక్ష్యం ఒక్కటే, తేదీ కూడా వాళ్లే వేసిస్తారు: లాస్ట్ వర్కింగ్ డే.

ఫైనల్ పరీక్ష పేరు కేటీ, అనగా నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. సీనియర్ ఉద్యోగి టీమ్స్ కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నదంతా ధారపోస్తాడు. "నెలాఖరు రాత్రి రెండింటికి ఈ బ్యాచ్ జాబ్ ఆగిపోతుంది. కంగారుపడి రీస్టార్ట్ కొట్టకు. ముందు ఫైల్ వచ్చిందో లేదో చూసుకో. లేదంటే కస్టమర్లకు వడ్డీ రెండుసార్లు పడుతుంది." కెమెరా ఆపేసి మ్యూట్‌లో ఉన్న కుర్రాడు చివర్లో గొంతు విప్పుతాడు: "అన్నా, ఇదంతా డాక్యుమెంట్‌లో ఉందా?" లేదు నాయనా, అన్న బుర్రలో ఉంది. శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్, ఐడీ కార్డు అప్పగించాక ఆ బుర్ర కూడా గేటు దాటుతుంది. ఎక్సెల్ షీట్‌లో కేటీ గడి మాత్రం పచ్చగా ఉంటుంది.

గురువుకు పంగనామాలు పెట్టడం మనకు కొత్త కాదు. ఆ నామాలు ఆయన చేతే దిద్దించడం కొత్త.

ఇప్పుడొక చిన్న లెక్క. 2025 జూన్‌లో ఇదే కంపెనీ కొత్త రూలు తెచ్చింది. ఏడాదికి కనీసం 225 రోజులు క్లయింటుకు బిల్లయ్యే పనిలో ఉండాలి, బెంచి మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, 35 రోజులు దాటకూడదు. వారానికి అయిదు రోజుల లెక్కన ఏడాదికి 260 రోజులు. 225కి 35 కలిపితే సరిగ్గా 260! జూనియర్ పక్కన కూర్చుని పని నేర్పే రోజు ఇందులో ఏది? బెంచి మీదున్నప్పుడు రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు కోర్సులు చదవాలట. అంటే చదువు పనిలేనివాడికి వేసే శిక్ష అన్నమాట.

నేర్పడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. కుర్రాడు తడబడుతుంటే కీబోర్డు లాక్కోకుండా ఆగడం, పదిమందిలో పరువు తీయకుండా తప్పు చెప్పడం, తనకు తెలియనిది తెలియదని ఒప్పుకోవడం. వీటికి ఓపిక కావాలి, తీరిక కావాలి. ఆ తీరికకు క్లయింటు డబ్బులివ్వడు కాబట్టి మన ఐటీ కంపెనీలకు దాని విలువ సున్నా.

పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు ఒకే క్లయింటుకు, ఒకే పాత కోడుకు మనిషిని కట్టిపడేస్తారు. వాడి గంటలు అమ్మి డాలర్లు లెక్కపెట్టుకుంటారు. నలభై అయిదేళ్లు వచ్చాక, హోమ్‌లోన్ సగంలో ఉండగా, పిల్లలు ఇంటర్‌లో ఉండగా, నీకు నైపుణ్యం లేదు పొమ్మంటారా? ఒక్కడు ఫెయిలైతే వాణ్ణి అనొచ్చు. 12 వేల మంది ఒకేసారి ఫెయిలయ్యారంటే నిలదీయాల్సింది హెడ్మాస్టర్నే.

అయ్యా, ముందు టైమ్‌షీట్‌లో నేర్పడానికీ నేర్చుకోవడానికీ ఒక కోడ్ ఇవ్వండి. ఆ గంటకు జీతం మీరే భరించండి. నైపుణ్యాల గురించి ఆ తర్వాత మాట్లాడండి.