బోల్టు ద్విపదకు టీకాతాత్పర్యం

ఎనిమిది బోల్టులు నెక్కెనే యనుచు
మనదిదే చక్రమ్ము మనసివ్వబోకు

అవతారిక: పసుపు ఉడకబెట్టే రోజుల్లో మోర్తాడ్‌లో ఒక పాత మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు వెనక చక్రం డిస్కు పగిలింది. కొమ్ములు నిజామాబాద్ యార్డుకు పోవాలి. యజమాని కన్ను దొడ్లో పడివున్న మరో కంపెనీ ట్రాక్టరు చక్రం మీద పడింది. అది గమనించిన మేస్త్రీ ఈ ద్విపద చెప్పాడు. చేతికి గ్రీజున్నా యతిప్రాసలు చెడలేదు.

ప్రతిపదార్థం: ఎనిమిది బోల్టులు = ఎనిమిదంగుళాల వలయం మీద నిలిచిన స్టడ్డులు; ఎక్కెనే యనుచు = రంధ్రాల్లో దూరాయి గదా అని; మనదిదే చక్రమ్ము = ఈ చక్రమే మన బండిదని; మనసివ్వబోకు = నట్లు బిగించేయకు, పటేలా.

వ్యాఖ్య: 'ఎనిమిది' అనడంలో ఒక వంశకథ ధ్వనిస్తుంది. 1938లో హ్యారీ ఫెర్గూసన్, హెన్రీ ఫోర్డ్ ట్రాక్టర్ల కోసం కాగితం లేకుండా చేతులు కలిపారు. తర్వాత ఫెర్గూసన్, ఫోర్డ్ కంపెనీలు దాయాదులై కోర్టుకెక్కాయి. 1952లో ఫెర్గూసన్‌కు 92.5 లక్షల డాలర్లు ముట్టాయి. మరుసటి ఏడే ఆయన కంపెనీ మాసీ హారిస్‌తో కలిసింది, 1960లో మద్రాసులో ఆ బళ్లు తయారుచేసే టాఫే పుట్టింది. ఇంత జరిగినా ఎనిమిది బోల్టులు, ఎనిమిదంగుళాల వలయం, నడుమ ఆరంగుళాల రంధ్రం అనే కొలత రెండు వైపులా నిలిచింది. ఇతర కంపెనీలూ వాడాయి. కాబట్టి యజమాని ఆశ నిరాధారం కాదు.

మరి 'మనసివ్వబోకు' ఎందుకు? చక్రమంటే డిస్కు, రిమ్ము, టైరు మూడూ. పాతది 12.4-28, తెచ్చింది 13.6-28 అనుకోండి. రిమ్ముల వ్యాసం రెండింటికీ 28 అంగుళాలే అయినా, టైరు ఎత్తులో దాదాపు రెండంగుళాలు తేడా. బండి ఒక పక్కకు ఒరుగుతుంది, తిన్నని రోడ్డు మీద కూడా డిఫరెన్షియల్‌కు విశ్రాంతి ఉండదు. డిఫరెన్షియల్ లాక్ వేశారా, ఇక యాక్సిల్ మీద పడే బరువు చెప్పనక్కర్లేదు.

డిస్కు గుంత లోపలికా, బయటికా అన్నది మరో చిక్కు. ఫెర్గూసన్ కాలపు బళ్లలో దాన్ని తిప్పి, రిమ్ము మార్చి బిగిస్తే చక్రాల ఎడం 48 నుంచి 76 అంగుళాల దాకా నాలుగేసి అంగుళాల చొప్పున మారుతుంది. సాళ్ల మధ్య నడిపేవాళ్లకు ఇది వరం. కానీ గుంత వైపు మార్చకుండా కుడి చక్రాన్ని ఎడమకు వేస్తే టైరు గట్లు తిరగబడి పట్టు తప్పుతుంది.

పూర్వపక్షం: నడిమి రంధ్రం వదులైతే రేకుముక్క పెడితే సరిపోదా?

సిద్ధాంతం: పోదు. డిస్కు హబ్బు ముఖానికి గట్టిగా అతుక్కుని ఉంటేనే ఆ రాపిడి బరువు మోస్తుంది. కదిలితే భారమంతా స్టడ్డులదే. పసుపు నిండిన ట్రాలీ వెనకుండగా అవి తెగడానికి దారిలో ఒక్క గుంత చాలు.

యాక్సిల్ సంగతి ద్విపదలో లేదు. చెప్పాల్సిన పనిలేదనే కవి వదిలేశాడని మా అభిప్రాయం. షాఫ్టు పళ్లు, పొడవు, బేరింగు కొలత ఏ ఇంటివి ఆ ఇంటివే. మాసీ 35లో షాఫ్టు కొసే హబ్బు పళ్లెం, విడదీసి బేరమాడటానికి వీల్లేదు.

తాత్పర్యం: బయటి చక్రం అరువు తెచ్చుకోవచ్చు, లోపలి యాక్సిల్ తెచ్చుకోలేం. పాత సామాన్ల దుకాణానికి పోయేవాళ్లు టేపు వెంట పట్టుకుపోండి. ఎదురెదురు రంధ్రాల నడుమ నుంచి నడుమకు కొలవండి. బిగించాక కొన్ని గంటలు నడిపి నట్లు మళ్లీ ఒకసారి బిగించండి.