మా పాత కారు పంచనామా

కొత్త కారు కొనుక్కోవడం సుఖమే. పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకోవడమే శిక్ష. బెజవాడ ఎండకీ పెట్రోలు ధరకీ తట్టుకుని సంసారం ఈదుతున్న ఒక గృహస్థుగా, షోరూముల వారి మీద నా అభియోగాలను సమస్త ప్రజానీకం సమక్షంలో దాఖలు చేసుకుంటున్నాను.

మొదటి ముద్దాయి ఇవాల్యుయేటర్ అనే కుర్రాడు. మెడలో ట్యాగు, చేతిలో అగ్గిపెట్టెంత యంత్రం. దాన్ని రేకుకి ఆనిస్తే పెయింటు మందం మైక్రాన్లలో చెబుతుంది. కంపెనీ పెయింటైతే నూటికీ నూటయాభైకీ అటూ ఇటూగా ఉంటుందట. డోర్లన్నీ పాసయ్యాయి. బానెట్ మీద పెట్టేసరికి మూడొందలు దాటింది. "యాక్సిడెంటా సార్?" అన్నాడు, పరామర్శకొచ్చినవాడి గొంతుతో. కొబ్బరిమట్ట పడిందయ్యా అన్నాను. రాసుకున్నాడు. తొంగిచూస్తే "ఫ్రంట్ హిట్" అని ఉంది. తర్వాత డోరు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు లాగి లోపలి వెల్డింగు చుక్కలు పరీక్షించాడు. టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు చదివాడు: 2319. అంటే 2019లో 23వ వారం సరుకు. మా పెళ్ళిరోజే నాకు గుర్తుండదు, ఇతగాడికి మా టైరు పుట్టిన వారం తెలిసిపోయింది. పంచనామాకైనా సాక్షులుంటారు. ఇక్కడ సాక్షిని నేనొక్కణ్ణే, అదీ మాట చెల్లని సాక్షిని.

నంబరు కూడా నేరమేనట. 2019లో కొత్త బళ్ళకి రాష్ట్రమంతా ఏపీ 39 మొదలైంది కాబట్టి, మా ఏపీ 16 చూడగానే కొనేవాడికి వయసు తెలిసిపోతుందట. కృష్ణా జిల్లావాణ్ణని చెప్పుకోవడానికి నాకు మిగిలిన ఒకే ఒక్క ఆధారం అది.

ఇక సేల్స్ అబ్బాయి. "మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంత సార్?" అంటాడు. ఎక్కువ చెబితే నవ్వుతాడు, తక్కువ చెబితే అదే ఖాయం చేస్తాడు. "మీరెంతిస్తారో చెప్పు బాబూ" అంది మా ఆవిడ. మేనేజరుగారితో మాట్లాడి వస్తానని అద్దాల గదిలోకి పోయాడు. లోపల మేనేజరున్నాడో, ఏసీ కోసం వెళ్ళాడో దేవుడికే తెలియాలి. వచ్చి రెండు లక్షల పదివేలన్నాడు. ఆటోనగర్లో మా మెకానిక్ రెండున్నరకి తగ్గొద్దన్నాడే అంటే, "ఎక్స్చేంజ్ బోనస్ ముప్పైవేలుంది కదా సార్, కలుపుకోండి" అన్నాడు. బండి విలువలోంచి కోసి, కంపెనీ ఇచ్చే బోనస్‌తో ఆ గంటు పూడ్చి, పైగా మనచేత దణ్ణం పెట్టించుకోవడం వీళ్ళ విద్య. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగిందని మేమూ సంబరపడ్డాం. "కొత్తవే చవకయ్యాయి సార్, పాతవి ఎవరు కొంటారు?" అని ఆ సంబరాన్ని కూడా కోసేశారు.

అసలు అభియోగం ఇదీ. వీళ్ళ దగ్గర ఏ అంకే ఒకచోట నిలవదు. పాతబండికి పదివేలు పెంచమంటే పెంచారు, కొత్తదాని మీద డిస్కౌంటు పదివేలు తగ్గింది. డిస్కౌంటు పట్టుకుంటే ఇన్సూరెన్స్ ఉబ్బింది. బయట చేయించుకుంటానంటే డిస్కౌంటు మళ్ళీ మాయమైంది. అందుకే, కొత్తదాని ధర కాగితం మీద పెట్టించేదాకా ఇంట్లో పాతబండి ఉందన్న సంగతే పొక్కనివ్వకూడదు. ఐదేళ్ళకు పైగా ఇన్సూరెన్స్ క్లెయిమ్ లేకుండా నడిపినందుకు రావాల్సిన 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఊసు కొటేషన్లో ఎక్కడా లేదు. అది బండిది కాదు, యజమానిది, కొత్తదానికి తెచ్చుకోవచ్చు. అడిగితే "ఓ, మీకు తెలుసా సార్" అన్నాడు. ఆ "ఓ"లో ఎంత దిగులో!

చివర్లో పాతబండి పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30, అన్నీ ఖాళీ. ఇంటూ గుర్తున్న చోటల్లా సంతకం పెట్టమన్నాడు. ఆర్సీ మా ఆవిడ పేరు మీద ఉంది. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కొనేవాడి పేరు రాయమంది. "ఎవరికి అమ్ముతామో ఇంకా తెలీదు మేడమ్. అందరూ ఇలాగే పెడతారు." బండి ఎన్ని చేతులు మారినా, ఆర్సీలో పేరు మారనంతకాలం ప్రమాద పరిహారం బాధ్యత ఆ పేరుగలవారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చిందని ఆవిడ నింపాదిగా పాఠం చెప్పింది. తేదీ, టైము, ఓడోమీటరు అంకె వేసి, ఇకమీదట బాధ్యత మాదేనని షోరూమువాళ్ళు లెటర్‌హెడ్ మీద రాసిచ్చాకే పెన్ను మూత తీసింది.

కారొచ్చింది. రిబ్బనూ, మనిషెత్తు అట్ట తాళంచెవీ, ఫొటో అన్నీ అయ్యాయి. ఇప్పుడు సేల్స్ అబ్బాయి ఫోన్ల మీద ఫోన్లు. "కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది సార్, పదికి పది చెప్పండి. తొమ్మిదన్నా నా ఇన్సెంటివ్ పోతుంది."

"నీ ఎక్స్‌పెక్టేషన్ పదా?"

"అవును సార్."

"మార్కెట్లో అంత లేదయ్యా. మేడమ్‌గారితో మాట్లాడి చెప్తా."

ఆవిడ ఆరు దగ్గర కూచుంది. ఎగ్గొట్టిన మడ్‌ఫ్లాపులు వేయిస్తానన్నాక ఏడుకొచ్చింది.