అల్టిమా సప్తమ పర్వం: టీకా తాత్పర్యాలు

మూలం:
మౌంట్ సి సి:\గేమ్స్
సి:
సీడీ అల్టిమా7
అల్టిమా7

అవతారిక: 1992లో ఆరిజిన్ సిస్టమ్స్ విడుదల చేసిన ‘అల్టిమా 7: ద బ్లాక్ గేట్’ అనే రోల్ ప్లేయింగ్ గేమ్‌ను కొత్త ల్యాప్‌టాప్‌లో ఆడగోరి, క్లిక్ చేసి, ఇది మీ పీసీలో నడవదన్న అశరీరవాణి విని ఖిన్నుడైనవాడు, పాత డాస్ యంత్రాన్ని అనుకరించే డాస్‌బాక్స్ తెరిచి పఠించవలసిన మంత్రమిది.

ప్రతిపదార్థం: మౌంట్ = తగిలించుము; సి = సి అను డ్రైవుగా; సి:\గేమ్స్ = ఆటలు దాచిన ఫోల్డరును; సి: = ఆ డ్రైవులోనికి వచ్చి; సీడీ అల్టిమా7 = ఆ పేరుగల ఫోల్డరు చొచ్చి; అల్టిమా7 = ఆట మొదలిడుము. మొదటి అల్టిమా ఫోల్డరు, రెండవది ప్రోగ్రాము కనుక పునరుక్తి దోషం లేదు.

పాఠాంతరం: మొదటి పాదాన్ని ‘మౌంట్ సి సి:\’ అని అక్కడితో ఆపేవారున్నారు. అది అపపాఠం. డ్రైవు మొత్తాన్ని అప్పగించవద్దని డాస్‌బాక్స్ కూడా హెచ్చరిస్తుంది.

శంక: కొత్త యంత్రం పాతదానికంటే ఎన్నో రెట్లు బలమైనది కదా, ఈ తతంగమంతా ఎందుకు?

సమాధానం: లోపం బలంలో లేదు. 64 బిట్ విండోస్ 16 బిట్ డాస్ ప్రోగ్రాములను నడపదు. పైగా ఈ ఆట పుట్టినప్పటినుంచీ మడి కట్టుకున్నది. డాస్‌కు ఉన్న 640 కేబీ హద్దు దాటడానికి ఆరిజిన్ వారు ‘వూడూ’ అనే సొంత మెమరీ మేనేజర్ రాసుకున్నారు. అప్పట్లో చాలా పీసీల్లో ఉండే ఈఎంఎం386 అనే మరో మెమరీ మేనేజర్‌తో దానికి పొసగదు. అందుకే ఈ ఆటకోసం విడిగా బూట్ ఫ్లాపీ చేసుకున్నవారు ఆ రోజుల్లోనే ఉన్నారు. కాబట్టి మూలంలో లేకున్నా, డాస్‌బాక్స్ సెట్టింగుల్లో ఈఎంఎం386 ఇచ్చే తరహా మెమరీని ఆపే ‘ఈఎంఎస్=ఫాల్స్’ అని అధ్యాహారం చేసుకోవాలి.

వేగం మరో చిక్కు. ఈ ఆటకు తన వేగాన్ని తాను అదుపు చేసుకోవడం తెలియదు. ప్రాసెసర్ ఎంత తరిమితే అంత పరుగెత్తుతుంది. డాస్‌బాక్స్‌లో కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కితే సైకిల్స్ తగ్గుతాయి, ఎఫ్12తో పెరుగుతాయి. పాత్రలు మనుషుల్లా నడిచేదాకా నొక్కడమే.

మతభేదం: యంత్రాన్ని అనుకరించనేల, ఆట ఇంజనునే తిరగరాద్దాం అన్నది ఎక్సల్ట్ మతం. ఆ మార్గంలో పాత డాస్ వేషం అక్కర్లేదు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఆట నేరుగా నడుస్తుంది. అయితే బొమ్మలు, సంభాషణలు అసలు ఆట ఫైళ్ళనుంచే రావాలి. ఆట కొననివారికి ఈ మతంలోనూ మోక్షం లేదు. నిదానంగా ఆడేవారికి ఎక్సల్ట్, ఆనాటి ఆట యథాతథంగా కావాలనేవారికి డాస్‌బాక్స్ అని సమన్వయం.

తాత్పర్యం: ఆట మారదు, కొత్త యంత్రమే పాత 386 పీసీ వేషం కట్టాలి.

విశేషం: ఆట నడిచినంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు. ఆటలోని ట్రిన్సిక్ నగరపు మేయర్ ఫినిగన్ కాపీరాయుళ్ళను పట్టడానికి ప్రశ్నలడుగుతాడు. వాటి జవాబులు పెట్టెలో వచ్చిన పుస్తకంలోనూ గుడ్డ పటంలోనూ ఉంటాయి. చెప్పలేనివాడు ఊరి పొలిమేర దాటలేడు. కనుక సాధకులు మంత్రం పఠించేముందే ఆ పుస్తకం, పటం దగ్గర పెట్టుకోవలెను.