తీసివేతలు రాని ఉక్కు లెక్క

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలం రాజయ్యపేటకి ఉక్కు ఫ్యాక్టరీ వస్తోంది. ఆర్సెలార్ మిట్టల్, నిప్పన్ స్టీల్ వాళ్లది. మొదట ప్రకటించిన లెక్క ప్రకారం తొలి విడతలో ఏడాదికి 73 లక్షల టన్నులు, పెంచుకుంటూ పోయి చివరికి 1 కోటి 78 లక్షలు. ఉద్యోగాలా? బోలెడు. ప్రత్యక్షంగా వేలు, పరోక్షంగా లెక్కే లేదు. పరోక్షమంటే తెలుసుగా, గేటు ఎదుట అప్పుచేసి టీ బండి పెట్టుకున్నవాణ్ని కూడా సర్కారువారి ఖాతాలో రాసుకోవడం.

సంతోషమే. కాకపోతే ఆ 73 లక్షలన్న అంకె ఎక్కడో విన్నట్టుందే అనిపిస్తే, విశాఖ ఉక్కు సామర్థ్యం కూడా సరిగ్గా అంతే. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ఫ్యాక్టరీ అది. ఇన్నేళ్లలో దానికో సొంత ఇనుప గని ఇవ్వడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. అడిగినప్పుడల్లా నిబంధనలు చదివి వినిపించారు. బజారు ధరకి ఖనిజం కొని నష్టాల్లో పడితే, ప్రభుత్వరంగమంటే ఇంతేనని పెదవి విరిచి 2021లో అమ్మకానికి పెట్టారు. ఇంకా పొగగొట్టం లేవని ఫ్యాక్టరీకి మాత్రం ఖనిజం ఎలా అందుతుందోనని ఢిల్లీ దాకా ఒకటే ఆరాటం! పుట్టబోయే బిడ్డకి వెండి ఉగ్గుగిన్నె, ఇంట్లో బిడ్డకి పస్తు.

2025 జనవరిలో విశాఖ ఉక్కుకి 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు కదా అంటారా? ఇచ్చారు. ఆ ఏడాదే కాంట్రాక్టు కార్మికుల్ని వేలల్లో ఇంటికి పంపారు, పర్మనెంటు వాళ్లకి వీఆర్‌ఎస్ దారి చూపించారు. అక్కడి నిర్వాసితుల బీరువాల్లో ఆర్ కార్డులుంటాయి, ఓసారి అడిగి చూడండి. పొలం ఇచ్చినందుకు ఉద్యోగమిస్తామని రాసిచ్చిన కాగితం. తండ్రి పేరున ఉన్న ఆ కార్డు పట్టుకుని తిరిగి తిరిగి కొడుక్కి కూడా ఉద్యోగ వయసు దాటిపోయింది. విశాఖ ఫ్యాక్టరీ ప్రకటన వెలువడిన రోజున వీళ్లంతా ‘కల్పించబోయే ఉద్యోగాలు’ అన్న అంకెలో ఉన్నవాళ్లే. ఆ అంకెలోంచి ఎవర్నీ ఎప్పుడూ తీసెయ్యరు, తీసేసేది ఉద్యోగంలోంచే.

అందుకే ఏలినవారికో చిన్న సలహా. విశాఖలో తీసేసినవాణ్నే రాజయ్యపేటలో చేర్చుకోండి. మనిషొక్కడే అయినా ప్రకటనలు రెండొస్తాయి: అక్కడ ‘ఖర్చు తగ్గించాం’, ఇక్కడ ‘ఉద్యోగం ఇచ్చాం’. అనుభవం ఉన్నవాడు కావాలన్న షరతు కూడా తీరిపోతుంది. జీతం మాత్రం మళ్లీ మొదటినుంచి.